యాభై దాటని వెయ్యి కిలోమీటర్లు

కొత్త మోటార్‌సైకిల్‌ను మొదటి వెయ్యి కిలోమీటర్లు యాభై దాటించొద్దని షోరూమువాళ్ళు చెప్పారు. వాళ్ళు చెప్పి ఊరుకున్నారు. మా నాయన ఊరుకోలేదు. అంబత్తూరు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఇంజన్లు పరీక్షించి రిటైరైన మనిషి. హెల్మెట్ పెట్టుకుని రోజూ నా వెనక ఎక్కేవాడు. ఊరి చివర మనలిలో నా ఆఫీసు దగ్గర దిగి, బస్సులో వాషర్‌మెన్‌పేట్‌లో మా ఇంటికి తిరిగి పోయేవాడు. సాయంత్రం నా వెనక ఎక్కి రావడానికి మళ్ళీ బస్సులో వచ్చేవాడు.

దారి పొడుగునా ఆయన చెయ్యి నా భుజం మీదే. స్పీడోమీటరు ముల్లు నలభై ఎనిమిదికి రాగానే గిల్లేవాడు. కాసేపు ఒకే వేగంతో పోయినా గిల్లేవాడు.

"ఈడ తగ్గించు, ఆడ కొంచెం పెంచు. ఇంజను అన్నిటికీ అలవాటు పడాల రా."

ఖాళీ రోడ్డులో ఊరికే పెంచుతూ తగ్గిస్తూ పోతున్న నన్ను చూసి, నీళ్ళ క్యాన్ల ఆటోవాడు దాటిపోతూ, బండి నేర్చుకుంటున్నావా అని తమిళంలో అడిగాడు. నా వయసు నలభై రెండు.

వెయ్యి పూర్తయింది. సర్వీసూ అయింది. ఇక పీడ వదిలిందనుకున్నాను. మర్నాడు పొద్దున కూడా ఆయన హెల్మెట్ పెట్టుకుని వచ్చాడు. మనలి రోడ్డెక్కాక కోపం కొద్దీ అరవై దాటించాను. గిల్లలేదు. డెబ్బై. గిల్లలేదు. నాకే భయమేసి తగ్గించాను.

"ఏమిరా, తగ్గించినావే?" అన్నాడు. "ముప్పై ఏండ్లు ఇంజన్లని స్టాండుకి బిగించి తిప్పినా. ఒక్కటన్నా అడుగు ముందుకు పోయిందా? పోనీ రా."