అంచు, కాయ, ఆ తర్వాత మనిషి

మొన్న ముసునూరు నుంచి మా ఆడపడుచు రెండు బుట్టల బంగినపల్లి కాయలు తెచ్చింది. వచ్చీ రాగానే కుచ్చెళ్ళు ఎగదోపి, మధ్య గదిలో మంచం పక్కకి జరిపి, కాయలు మాగబెట్టే పనిలో పడింది. ఆ విషయంలో తనకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకం వల్ల నాకు నడుం వంచే పని తప్పుతుంది కాబట్టి నేనెప్పుడూ కాదనను. గడ్డి కింద పరవడానికి కాగితాలు కావాలంది. పేపరు మానేశాను, ఫోన్లోనే చదువుకుంటున్నానని చెప్పాను. "అయితే ఫోను పరుస్తామా ఏంటి?" అంటూ బీరువా పైన తడిమి, దుమ్ము పట్టిన చార్టుల చుట్ట ఒకటి కిందికి లాగింది. దానికున్న రబ్బరు బ్యాండు చెయ్యి తగలగానే పుటుక్కున తెగింది.

"ఇవి బాగా మందంగా ఉన్నాయి వదినా. పరిచేయనా?" అంటూ చుట్ట విప్పింది. మా ఆయన పోయినప్పుడు స్కూలు పిల్లలు వేసిన బొమ్మలవి.

మా ఆయన మిషను స్కూల్లో డ్రాయింగు మాస్టారు. సున్నా చుట్టమంటే కోడిగుడ్డు చుట్టే పిల్లాడికి కూడా మామిడికాయ గీయడం వచ్చేస్తుందని ఆయన కనిపెట్టారు. పుట్టిన దగ్గర్నుంచీ తోటల్లో తిరిగే పిల్లలు మరి. అందుకని మనిషి మొహం నేర్పడానికి కాయతోనే మొదలుపెట్టేవారు. తొడిమ పైకి ఉంచి కాయ గీయాలి. నిండు మొహానికి బంగినపల్లి, కోల మొహానికి కలెక్టరు కాయ. దానికి కళ్ళజోడు పెడితే ఒక నాయకుడు, టోపీ పెడితే ఇంకో నాయకుడు, గడ్డం పెడితే కవి. "ముందు అంచు, తర్వాత కాయ, ఆ తర్వాతే మనిషి" అనేవారు. చుట్టూ మామిడాకుల అంచు వేయనిదే లోపల పెన్సిలు పెట్టనిచ్చేవారు కాదు. జయంతి అయినా వర్ధంతి అయినా ఇదే వరస. వరండాలో చార్టులు అంటించాక హెడ్మిస్ట్రెస్‌గారు ఒకసారి అడగనే అడిగారట, "మాస్టారూ, వీళ్ళంతా ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నారేంటండీ?" అని. "దేశమాత పిల్లలే కదండీ" అన్నారట ఈయన. ఆ జవాబు చెప్పి వచ్చిన రోజు రాత్రి అన్నం తింటూ కూడా తనలో తనే నవ్వుకున్నారు.

అలాంటి మనిషి ఒక ఉదయం కాఫీ గ్లాసు కింద పెట్టి, గుండె పట్టుకుని, అక్కడే ఒరిగిపోయారు. ఆ తర్వాత రోజులు నాకు సరిగా గుర్తులేవు. గుర్తున్నదల్లా నేను ఏడవకపోవడమే. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేశాను, పాలు సరిపోతాయో లేదో చూసుకున్నాను, పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే ఫ్యాను చప్పుడు విన్నాను. పళ్ళ డాక్టరు సూది వేశాక దవడ మనది కానట్టు ఉంటుందే, ఒళ్ళంతా అలా ఉండేది. దానికంటే భయం వేసిన సంగతి ఇంకొకటుంది. కళ్ళు మూసుకుంటే ఆయన మొహం వచ్చేది కాదు. గోడ మీద ఫొటో వచ్చేది. స్టూడియో అతను తల దువ్వి, బట్టలు సర్ది, పౌడరు అద్ది తీసిన ఫొటో అది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ఇంత తొందరగా ఎలా చెరిగిపోయాడని మాత్రం అనుకున్నాను. అనుకుని, మళ్ళీ పాలు చూసుకోవడానికి వెళ్ళాను.

ఆయన జ్ఞాపకార్థం ఇంటి దగ్గర ప్రార్థనలతో పెట్టిన ఆదరణ కూడిక రోజున పిల్లలు చార్టులు తెచ్చి షామియానా తాడుకి బట్టల క్లిప్పులతో వరసగా తగిలించారు. ఆయన నేర్పిన ప్రకారం ఒక్కటీ తప్పలేదు. అన్నిటికీ మామిడాకుల అంచు, మధ్యలో కాయ, అటూ ఇటూ కొవ్వొత్తి. తాడు పొడుగునా వేలాడుతున్న వాటిలో ఒక్కటీ ఆయనలా లేదు. మా ఆడపడుచుకి ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. "ఇదేం చోద్యం వదినా! మా అన్నయ్యకి మామిడికాయ మొహం పెడతారా? తీయించెయ్" అంది. నాకు కోపమూ రాలేదు. పిల్లలు చూస్తున్నారు కదా, చూసినట్టు ఉండాలని తాడు వెంట నడిచాను.

నాలుగైదు చార్టులు దాటాక ఆగాను. ఆయన పద్ధతిలో బొమ్మ మెడ దగ్గర రెండు గీతలతో అయిపోవాలి. చొక్కా ఉండదు. వీళ్ళు చొక్కా వేశారు. ఆ చొక్కాకి ఒక పక్క కాలరు పైకి లేచి ఉంది. వెనక్కి వెళ్ళి చూశాను, దాంట్లోనూ అంతే. ముందుకెళ్ళి చూశాను, దాంట్లోనూ అంతే. కొందరు కుడి ఎడమలు తారుమారు చేశారు గానీ, కాలరు లేపని పిల్లలు లేరు. ఆయన ఎడమ భుజానికి గుడ్డసంచి తగిలించుకుంటే దాని పట్టీకి నలిగి ఆ కాలరు అలా నిలబడేది. రోజూ పొద్దున్నే గేటు దగ్గర ఆపి సరిచేసేదాన్ని. "చాల్లేవే, పెళ్ళికొడుకునా ఏంటి" అని విసుక్కునేవారు. నేను సరిచేసింది వీధి మలుపు తిరిగేలోపే లేచిపోయేదని నాకు ఆ రోజే తెలిసింది. పిల్లలకి మాస్టారంటే లేచిన కాలరు. ఎవరూ నేర్పకుండానే కాయ కింద దాన్ని తెచ్చి పెట్టారు.

పక్కన ఒక ఏడో తరగతి అమ్మాయి నిలబడి ఉంది. "బాగా రాలేదాండీ?" అని అడిగింది. జవాబు చెప్పాలనుకున్నాను. ఈలోగా నా చెయ్యి తనంతట తనే లేచి, చార్టు మీది కాలరుని కిందికి నొక్కి సర్దింది. వేలికి స్కెచ్ పెన్ను నీలం అంటింది. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. కానీ కళ్ళు మూసుకుంటే గేటు దగ్గర విసుక్కుంటున్న మొహం కనిపించింది, ఫొటోలోది కాదు.

"ఇవి వద్దులే అమ్మడూ, లోపల పాత దుప్పటి ఉంది, అది పరుచు" అన్నాను మొన్న మా ఆడపడుచుతో. ఆవిడ దుప్పటి కోసం లేచి వెళ్ళింది. చార్టులన్నీ పచ్చబడ్డాయి. కొవ్వొత్తులు వెలిసిపోయాయి, కాయ గీతలు కనబడీ కనబడనట్టున్నాయి. చుట్ట చుట్టబోతూ పైనున్న దాని మీద మళ్ళీ చెయ్యి వేశాను, అలవాటు కదా. ఇన్నేళ్ళలో ఈ ఇంట్లో ఎన్నో వాటంతటవే సర్దుకున్నాయి, ఆ కాలరు మాత్రం ఇంకా లేచే ఉంది.