మా గల్లీలో ప్రశాంత గంట

ఆ రోజుల్లో ఒక బ్యానరు కట్టి నాలుగు నినాదాలు రాస్తే లోకం బాగుపడుతుందని నాకు గట్టి నమ్మకం ఉండేది. డిగ్రీ ఆఖరి సంవత్సరం. విద్యార్థులు ఎవరి గల్లీని వాళ్లే పర్యావరణపరంగా ఉద్ధరించాలని మా కాలేజీ, మునిసిపాలిటీ కలిసి తీర్మానించాయి. ఈ ప్రాజెక్టు గట్టెక్కకపోతే డిగ్రీ కూడా గట్టెక్కదు. మా క్లాసువాళ్లంతా మొక్కలు నాటారు, వాటిని మేకలు తినేశాయి. మేకలు తినలేని ప్రాజెక్టు కావాలని నేను రాత్రింబగళ్లు ఆలోచించి 'ప్రశాంత గంట' కనిపెట్టాను. మరాఠీ ఊళ్లో తెలుగు నేతవాళ్లుండే దాజీ పేట్‌లో మా గల్లీ నిండా మరమగ్గాలే (మేం సాంచెలంటాం). టవళ్లు నేస్తూ అవి చేసే మోతలో మామూలు మాట కూడా మేం అరిచే చెప్పుకుంటాం. ఒక రోజు సాయంత్రం గంటసేపు అన్నీ ఆపేస్తే కరెంటు మిగులుతుంది, చెవులకు విశ్రాంతి దొరుకుతుంది, మునిసిపాలిటీ సాహెబ్ స్వయంగా వచ్చి చూసి నా ప్రాజెక్టు మీద సంతకం పెడతాడు.

మా బాపును (నాన్నను) వెంటేసుకుని ఇంటింటికీ తిరిగాను. "గంట ఆపితే ఏమొస్తదే పోరీ?" అన్నాడు ఎదురింటి కాకా. "పేపర్ల ఫోటో వస్తది కాకా." "అరె, గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా! ఆపుదాం తీయ్." గల్లీ గల్లీ అంతా అలాగే ఒప్పుకుంది. ఇంత తెలివిగలదాన్ని, ఒక్క సంగతి మరిచిపోయాను. కరెంటు పోతే పేట మొత్తం సాంచెలు ఆగుతాయి. కరెంటు ఉండగా ఒక్క గల్లీలోనే ఆగాయంటే ఆ గల్లీలో ఎవరో పోయారని అర్థం. మా దగ్గర చావు కబురు చెప్పడానికి మనిషిని పంపనక్కర్లేదు. పుట్టినప్పటి నుంచీ తెలిసిన సంగతే (కాలేజీకి వెళ్తున్నాను కదా, ఇంటి సంగతులు గుర్తుండవు).

నాలుగింటికి సాంచెలు ఆగాయి. ముందుగా పసిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకున్నారు. ఆ వెనకే పక్క గల్లీ నుంచి బీడీలు చుట్టే మా బీడీల అత్త, ఒళ్లోని ఆకుల చాట చంకలోకి మార్చుకుని పరుగెత్తుకొచ్చింది. "ఎవరు పోయిండ్రే?" "ఎవ్వరు పోలే అత్తా, కాలేజీ ప్రోగ్రామ్." నా మాట ఆమె చెవికెక్కితే కదా! గల్లీలో అందరికన్నా పెద్ద మా తాత. ఆమె చూపు మా ఇంటి మీద పడింది. "అయ్యో మామా! సాంచె అంటే పానమిడిచేటోడివి గదనయ్యా!" అని రాగం తీసింది. ఒకరు మొదలుపెడితే పది గొంతులు కలుస్తాయి. ఒక్క క్షణంలో మా అరుగు ముందు జనం కూలబడ్డారు.

ఎంత మోతలోనైనా పడుకునే తాతకు నిశ్శబ్దంలో మెలకువ వచ్చింది. కళ్లు నులుముకుంటూ బయటికొచ్చి, అందరినీ చూసి, తలకు కట్టిన తువ్వాలు తీసి బాధగా వాళ్ల మధ్యనే కూర్చున్నాడు. "ఎవరు పోయిండ్రు?" అన్నాడు మెల్లగా. బీడీల అత్త ఏడుపు ఆపి, "నువ్వే మామా," అంది. తాత తువ్వాలు మళ్లీ తలకు చుట్టుకున్నాడు. "మరి ఆపినవేందే? మంచిగ చెప్తున్నవు, చెప్పు," అని చాయ్ తెప్పించుకున్నాడు.

అప్పుడే, ఆ ఏడుపుల కబురు అంది, భవాని పేట్ నుంచి తాత బామ్మర్ది పెద్ద గులాబీ దండతో ఆటో దిగాడు. బావ చాయ్ తాగుతుంటే దండ ఎవరికి వేయాలో తెలియక నిలబడిపోయాడు. సరిగ్గా ఆ సమయానికి సాహెబ్ జీపు వచ్చి ఆగింది. నా డిగ్రీకి కూడా ఆ దండ సరిపోతుందనుకున్నాను. బాపు మాత్రం చటుక్కున, "మామా, సాహెబ్‌కెయ్యుండ్రి!" అన్నాడు. చావు దండ సాహెబ్ మెడలో పడింది. ఆయన గర్వంగా చుట్టూ చూశాడు. గల్లీ నిండా జనం. ఒక్క సాంచె చప్పుడు లేదు. అందరి కళ్లూ తడిగా ఉన్నాయి. "అరె వా! పర్యావరణం కోసం ప్రజలు కన్నీళ్లు పెట్టుకోవడం నా సర్వీసులో చూడలేదు," అని మరాఠీలో మెచ్చుకుని సంతకం పెట్టాడు. తాత పక్కన కూర్చుని ఫోటో కూడా దిగాడు.

సాహెబ్ వెళ్లాక తాత నా నెత్తి మీద ఒక్క మొట్టికాయ వేశాడు. "మంచి పని చేసినవ్ బిడ్డా. ఇగ నేను నిజంగ పోతే ఎవ్వడు నమ్మడు పో."

అలాగే అయింది. కొన్నేళ్లకు ఒక పొద్దున తాత నిజంగానే పోయాడు. గల్లీలో సాంచెలన్నీ ఆపారు. ఎవరూ రాలేదు. పక్క గల్లీలో మోత హాయిగా సాగుతూనే ఉంది. నేనే వెళ్లాను. నన్ను చూడగానే బీడీల అత్త నవ్వుతూ, "ఇయ్యాల ఏం ప్రోగ్రామే పోరీ?" అంది. నాకు ఏడుపొచ్చింది. నా ముఖం చూసి ఆమె చాట వదిలేసి లేచింది. ఆ గల్లీ ఆగింది, ఆ తర్వాత దాని పక్క గల్లీ ఆగింది. పుట్టి బుద్ధెరిగాక, కరెంటు ఉండగా పేట అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ వినలేదు. అందరూ మా అరుగు ముందు కూర్చున్నారు. ఈ నిశ్శబ్దానికి తాతకు తప్పకుండా మెలకువ వస్తుందని, ఇంత చదువుకున్నదాన్ని, గుమ్మం వైపు చూశాను. నవ్వుకోండి, పరవాలేదు. ఇప్పటికీ కరెంటు పోయి సాంచెలు ఆగితే చూస్తాను.