కట్టు విప్పని పేజీ

ఆ పుస్తకం మీద నాకు ఇప్పటికీ కోపమే. ముప్పై రెండు పేజీల బొమ్మల పుస్తకం మీద ఇంత వయసొచ్చినదానికి కోపమేమిటని ఎవరైనా నవ్వితే నవ్వుకోనీ. పదేళ్ళప్పుడు నన్ను అంత నమ్మించి ముంచిన వస్తువు మరొకటి లేదు.

ముందు కార్టూన్ సంగతి చెప్పాలి. తొంభైల్లో మా ఇల్లు పుంగనూరులో, ఊరు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట ఉండేది. నాన్న టమోటా పండించేవాడు. ఆదివారం పొద్దున పది గంటలకు టీవీలో హిందీ కార్టూన్ ఒకటి వచ్చేది. భుజాలకు పొడుగాటి గుడ్డ కట్టుకుని ఆకాశంలో ఎగిరే కుర్రాడు, ఎవరు కష్టంలో ఉన్నా వచ్చి వాలతాడు. నాకు హిందీ రాదు. నా పక్కన కూర్చునే మా అవ్వకు, అంటే నాన్నను కన్నతల్లికి, హిందీ రాదు సరికదా బొమ్మ కూడా సరిగా కనబడదు. ఆమెకు ఒక కంటిని పొర పూర్తిగా కమ్మేసింది, రెండో కంటిని కమ్ముతూ ఉంది. అందుకని ఇద్దరం పని పంచుకున్నాం. తెర మీద ఏం జరుగుతోందో నేను చెప్పేదాన్ని. వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో అవ్వ చెప్పేది.

"కొండ మీద దిగినాడు అవ్వా. ఒక ముసలాయన చెయ్యి పట్టుకున్నాడు."

"తాతా, యాల ఏడస్తాండావు, నేనుండాను కదా అంటాండాడు" అనేది అవ్వ, ఏమాత్రం తడుముకోకుండా.

అందులోని బట్టతల విలన్ అయితే అచ్చం మా పక్క పొలం దాయాదిలాగే మాట్లాడేవాడు. "ఈ గట్టు నాది, యాడ సెప్పుకుంటావో సెప్పుకోపో" అనేవాడు. అవ్వకు ఆ దాయాదితో పొలం గట్టు తగాదా ఉండేది లెండి. మా కుర్రాడు వాణ్ణి ఒక్కో గుద్దు గుద్దుతుంటే, నేను చెప్పిన ప్రతి గుద్దుకూ అవ్వ ముఖం వికసించేది.

ఆ గుడ్డ ఏ రంగో మాకు తెలియదు. మాది బ్లాక్ అండ్ వైట్ టీవీ. పసుపు అయ్యుంటుందని అవ్వ, నీలమని నేను. చూసేది నేను కాబట్టి నీలమే అని ఖాయం చేశాను.

ఇక కరెంటు. అప్పట్లో మా వైపు కరెంటు పూటల ప్రకారం ఇచ్చేవాళ్ళు. ఆదివారం పది ఇరవైకి ఊరంతా ఒక్కసారిగా పోయేది. కార్టూన్ పదిన్నర దాకా. కాబట్టి ఏ వారమూ చివరి పది నిమిషాలు మేము చూడలేదు. మేమే కాదు, పుంగనూరులో ఎవరూ చూడలేదు. తెర నల్లబడగానే అవ్వ కాళ్ళు చాపుకుని మిగతా కథ చెప్పేది. ఎవరు ఎవరిని పట్టుకున్నారు, విలన్ ఎవరి కాళ్ళ మీద పడ్డాడు, కుర్రాడు ఇంటికి పోయి ఏం తిన్నాడు, అన్నీ. సోమవారం బళ్ళో నేను అదే చెప్పేదాన్ని. టీవీలో రాకుండా నీకెట్ల తెలుసు అని అడిగినవాళ్ళతో వారం రోజులు మాటలుండేవి కావు.

అలా చాలా నెలలు గడిచాక, ఒక ఆదివారం విలన్ మా కుర్రాడి కళ్ళలోకి ఏదో మెరుపు విసిరాడు. కుర్రాడికి చూపు పోయింది. కొండల్లో ఉండే ఒక వైద్యురాలు ఆకు పసరు పూసి కళ్ళకు కట్టు కట్టింది. మరుసటి వారం ఆమె కట్టు విప్పడానికి ముడి మీద చెయ్యి వేసింది. నేను ఆ మాట అవ్వకు చెబుతుండగానే కరెంటు పోయింది.

"చెప్పు అవ్వా" అన్నాను.

అవ్వ ఈసారి కాళ్ళు చాపుకోలేదు. "ఈ తూరి నాకు తెలీదు మ్మే" అనింది.

ఆ తర్వాతి ఆదివారం ఆ టైముకి వంటల కార్యక్రమం మొదలైంది. మా కార్టూన్ అయిపోయింది.

అవ్వ ఎందుకు చెప్పలేకపోయిందో నాకు అప్పుడు సగమే అర్థమైంది. ఏడాదిగా నాన్న కంటి ఆపరేషన్ చేయించుకోమని పోరుతూ ఉన్నాడు. ఎదురింటి ఆమె చేయించుకుంటే ఉన్న కన్నూ పోయిందని అవ్వ ససేమిరా అంటూ ఉంది. అంతకుముందు మా ఇంట్లో టమోటాలు ఏరేది అవ్వే. పండువి దగ్గరి మండీకి, దోరవి దూరం పోయే లారీకి, వేరు వేరు పెట్టెల్లోకి పడాలి. ఆమె చేతిలో పొరపాటు జరిగేది కాదు. చూపు మందగించాక పండు దోర కలిసిపోయి మండీలో నాన్న మాటపడ్డాడు. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. గంప మాత్రం ఆమె ముందు పెట్టడం మానేశారు. అవ్వ గోడకు ఆనుకుని మేము ఏరే చప్పుడు వింటూ కూర్చునేది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది.

కుప్పంలో కంటి క్యాంపు పెడుతున్నారని, పేరు రాయించానని నాన్న చెప్పిన రోజు అవ్వ ఒకటే మాట అనింది.

"ముందు ఆ పిల్లోనికి సూపొచ్చిందో లేదో కనుక్కోండి. నా సంగతి తర్వాత సూస్తాం."

నాన్న దాన్ని ఎగతాళి అనుకుని నవ్వాడు. నేను అనుకోలేదు. ప్రతి వారమూ లోకాన్నంతా బాగుచేసి పడుకోబెట్టే అవ్వ, ఆ కుర్రాడి కళ్ళ దగ్గరికి వచ్చేసరికి నోరు మెదపలేకపోయింది. వాడికి చూపు రావాలి. వస్తేనే ఈమె కదులుతుంది. నాకు తెలిసింది అంతే.

క్యాంపుకు వారముందనగా టమోటా టెంపోలో నాన్నతో పాటు మదనపల్లె మండీకి వెళ్ళాను. పని అయిపోయాక బస్టాండులో టీ తాగుదామని ఆగాం. అక్కడి పుస్తకాల అంగట్లో తాడుకు క్లిప్పులు పెట్టి వేలాడదీసిన పుస్తకాల మధ్య మా కుర్రాడు కనిపించాడు. తెలుగులో. అట్ట మీద 'అద్భుతమైన ముగింపు' అని పెద్దక్షరాలు. తీసి తిప్పబోతే అంగడాయన "కొంటేనే సదువు పాపా" అన్నాడు. "ఇంట్లో ఉండే బడి పుస్తకాలు సదివి సచ్చినావా, దీనికేం తక్కువ" అన్నాడు నాన్న. నేను బస్టాండు నేల మీద చతికిలబడ్డాను. పరువు పోతుందని నాన్న కొనిచ్చాడు.

తిరుగు దారిలో ఖాళీ పెట్టెల మధ్య కూర్చుని చదివాను. చదువుతున్న కొద్దీ నీరుగారిపోయాను.

మొదటిది, అట్ట మీద గుడ్డ ఎర్రగా ఉంది. లోపలి పేజీలకు అసలు రంగే లేదు. టీవీలో వాడు పరిగెత్తితే గుడ్డ వెనకాల రెపరెపలాడేది. ఇందులో మేకుకు తగిలించిన చొక్కాలాగా నిలబడ్డాడు. ఒక పేజీలో వాడికి ఎడమ చేతికి ఆరు వేళ్ళున్నాయి, లెక్కపెట్టాను. ముసలాయన లేడు, కార్టూన్‌లో మాకు ఇష్టమైన కుంటి కుక్క లేదు. అన్నిటికంటే వాడి మాట. "ఓరీ దురాత్మా, నీ ఆయుష్షు నేటితో సమాప్తము" అంటాడు. మా కుర్రాడు అలా మాట్లాడే రకమా? ఏళ్ళు గడిచి కేబుల్, కలర్ టీవీ వచ్చాక ఆ కార్టూన్ మళ్ళీ కనిపించింది. గుడ్డ నిజంగానే ఎర్రది. పాపం ఆ విషయంలో పుస్తకంవాళ్ళ తప్పేమీ లేదు. అయినా నేను క్షమించలేదు, ఎందుకంటే అసలు తప్పు చివరి పేజీలో ఉంది.

చివరి పేజీలో వైద్యురాలు కట్టు విప్పబోతుంది. వాడు ఆమె చెయ్యి తోసేసి, కట్టుతోనే ఎగిరిపోయి, విలన్‌ను చంపి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడతాడు. "వీరునకు చూపుతో పనిలేదు" అంటాడు. అంతే, సమాప్తం. వాడి చెంప పగలగొట్టాలనిపించింది. చూపుతో పనిలేదట. గంప ముందు లేకుండా గోడకు ఆనుకుని నాలుగు రోజులు కూర్చుంటే తెలుస్తుంది వాడికి.

ఈ మాట అవ్వ చెవిన పడితే ఇంకేమన్నా ఉందా? కుప్పం ప్రయాణం అక్కడితో ఆగిపోతుంది.

సాయంత్రం అవ్వ పక్కన కూర్చుని పుస్తకం తెరిచాను. ముప్పై ఒకటో పేజీ దాకా, మాటలు మా భాషలోకి మార్చుకుంటూ, ఉన్నది ఉన్నట్టే చదివాను. చివరి పేజీ వచ్చింది. ఇన్నాళ్ళూ కరెంటు పోయాక అవ్వ చేసిన పనే నేను మొదలుపెట్టాను.

"ఆయమ్మ మెల్లగా ముడి విప్పింది అవ్వా. ఒక చుట్టు తీసింది. ఇంకో చుట్టు తీసింది."

"నొప్పి పుట్టిందంటనా?"

"చీమ కుట్టినంత."

"కండ్లు తెరిసినాడా?"

"తెరిచినాడు. ముందు మసక మసకగా ఉండింది. తర్వాత అన్నీ కనపడినాయి."

"ముందుగా ఏం కనపడింది?"

"టమోటాలు" అన్నాను. "పండేదో దోరేదో కొండ మీదినుంచే చెప్పేసినాడు."

"ఆ కొండల్లో టమోటాలు ఎవురేసినారు?"

"వేసినారులే. ఇందులో రాసుండాది."

అవ్వ ఊ కొట్టింది. నేను ఆపకుండా ఇంకా చాలా చెప్పాను. వాడు ఆయమ్మకు దండం పెట్టాడని, అందరూ వాణ్ణి చూసి సంతోషపడ్డారని, కుంటి కుక్క కూడా ఎదురొచ్చిందని. అంతా విని అవ్వ లేచి చీర దులుపుకుంది. "మీ నాయనకు సెప్పు, కుప్పానికి వస్తానని" అనింది. నేను పుస్తకాన్ని బియ్యం డబ్బా వెనకాల దాచేశాను. అవ్వకు చదువు రాదు కాబట్టి ఇక భయం లేదనుకున్నాను.

పలమనేరు మీదుగా బస్సులో వెళ్ళాం. దారి పొడుగునా అవ్వ నా చెయ్యి వదల్లేదు, నేనూ వదల్లేదు. పూర్తిగా పొర కమ్మిన కన్ను ఇక లాభం లేదని, కాస్త చూపున్న కంటికే చేస్తామన్నారు డాక్టర్లు. అబద్ధం చెప్పి తీసుకొచ్చాను, ఈ కన్నూ పోతే అది నా వల్లే అని రెండు రోజులు అన్నం సయించలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేదు. కట్టు విప్పే రోజు నర్సమ్మ వచ్చి అవ్వ తల వెనక ముడి మీద చెయ్యి వేసింది. నేను అవ్వను చూడలేదు, పైన తిరిగే ఫ్యానును చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు మాత్రం కరెంటు పోకూడదు, అంతే నా మొక్కు. ఫ్యాను ఆగలేదు.

"ఎంత నల్లగైపోయినావు మ్మే" అనింది అవ్వ. అంత సంతోషంగా నన్నెవరూ ఎప్పుడూ వెక్కిరించలేదు.

నెలన్నరకు గంప మళ్ళీ అవ్వ ముందుకు వచ్చింది. ఒకరోజు టమోటాలు ఏరుతూ ఏరుతూ "ఆ బొమ్మల పుస్తకం తే, పిల్లోన్ని సూడాల" అనింది. చదువు రాకపోతేనేం, బొమ్మలు చూడటానికి చదువెందుకు? ఆ సంగతి నా బుర్రకు తట్టనే లేదు. పారేశానందామా అనుకున్నాను గానీ ఇంకో అబద్ధానికి ఓపిక లేక తెచ్చిచ్చాను.

అవ్వ ఒక్కో పేజీ నిదానంగా చూసింది. చివరి పేజీ దగ్గర ఆగింది. అక్కడ వాడు కళ్ళకు కట్టుతోనే నిలబడి ఉన్నాడు.

"అవ్వా..." అన్నాను.

"ఆ పొద్దే తెలుసు మ్మే" అనింది, బొమ్మ మీదినుంచి చూపు తిప్పకుండా. "పేజీ పేజీకీ కాగితం సప్పుడు యినపడతా వచ్చె. ఆ కట్టు కాడికొచ్చినాక సప్పుడే లేదు. ఒక్క పేజీలో అంత కతుంటాదా యాడన్నా?"

"మరి యాల పోయినావు?"

"నాకోసరం అంతసేపు అబద్ధం సెప్పే ఓపిక నీకుంటే, ఆడ పోయి కండ్లు మూసుకోని పండుకునే ఓపిక నాకు లేదా?"

అవ్వ పుస్తకాన్ని గంప పక్కన పరిచి, వాడి ముఖం మీద వేలితో కొట్టింది.

"ఏం బొమ్మేసినాడు, సెయ్యి తిరగనోడు. పెన్ను తెచ్చుకో. కట్టు ఇప్పుదాం వీనికి."

నా బడి పెన్ను తెచ్చాను, నీలం సిరాది. కట్టు మీద రెండు కళ్ళు గీశాను, కనుబొమలు పెట్టాను. చేతనైనంత జాగ్రత్తగానే గీశాను, బాగానే వచ్చాయనుకున్నాను. అవ్వ పుస్తకాన్ని ముఖానికి దూరంగా పట్టుకుని, తల అటూ ఇటూ వంచి చూసింది.

"ఎడమ కన్ను రోంత కిందికి జారిపోయింది, సూడు" అనింది.

నేను వంగి చూశాను. నిజమే, జారిపోయింది.