డుమ్మని మోగి, ఆగాలి

2023 వానాకాలం. కోల్‌కతా ధర్మతల్లాలో హార్మోనియం దుకాణాల వెనక సందులో నా రిపేరు షాపు. షాపు అన్నది కాస్త పెద్ద మాట. ఒక బల్ల, రెండు స్టూళ్లు, ఒక ఫ్యాను. వాన గట్టిగా కురిస్తే నీళ్లు లోపలికి వస్తాయి, కస్టమర్లు రారు. అక్కడ కూర్చుని పాత బేస్‌లు, వాల్వ్ ఆంప్‌లు బాగుచేస్తుంటాను. బేస్ అంటే నాలుగు లావుపాటి తీగల గిటారు. బ్యాండులో అది ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు, ఆగిపోతే మాత్రం పాట కింద నేల తీసేసినట్టు ఉంటుంది. వాల్వ్ ఆంప్ ట్రాన్సిస్టర్లు రాకముందు కాలానిది. లోపల గాజు గొట్టాలు ఎర్రగా వెలుగుతాయి, స్విచ్చి వేశాక అవి వేడెక్కేదాకా ఆగాలి. మా నాన్న లెక్కలో ఇవన్నీ రేడియోలే.

ఓ మధ్యాహ్నం టాక్సీలోంచి ఒక తాత, ఒక అమ్మాయి, శవపేటికంత పెట్టె, దానికన్నా బరువైన ఆంప్ దిగాయి. తాత పేరు అప్పలనాయుడు. లిలువా రైల్వే వర్క్‌షాపులో రైలు పెట్టెలు బాగుచేసి రిటైరయ్యాడు. శనివారాలు రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్లబ్బులో డాన్సులకి బేస్ వాయించేవాడట. ఊరు వదిలిపోతున్న బ్యాండ్ లీడరు దగ్గర ఈ రెండూ కొన్నాడు. రెండూ అరవైల నాటివి. ఇప్పుడాయన వేళ్లు వంగవు. మనవరాలు స్వాతి కాలేజీలో చదువుతూ, వీడియోలు చూసి బేస్ నేర్చుకుంటోంది.

"దీని పేణం పోనాది బాబూ," అన్నాడు తాత పెట్టెకేసి చూస్తూ.

"నేనింకా నాడి కూడా చూడలేదు తాతా," అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఆదివారం బొంబాయి నుంచి కొనీవోడు వస్తన్నాడు. పాతవి పోగేస్తాడట. నువ్వు దీని గొంతు మల్లీ తెస్తే ఇది ఈ గుంటది, నా మనవరాల్ది. నేదంటే ఆడికిచ్చేస్తాను. సచ్చినదాన్ని పిల్ల మెడకి కట్టను."

స్వాతి నాకేసి చూసింది. పరీక్ష హాల్లో పక్కవాడి పేపరుకేసి చూసే చూపు అది.

ముందు ఆంప్ సంగతి. స్విచ్చి వేస్తే తేనెపట్టు కదిపినట్టు హోరు. దానికి కారణం సాధారణంగా కెపాసిటర్లు, అంటే కరెంటుని కాసేపు దాచిపెట్టుకునే డబ్బాలు. ముసలితనంలో లోపల ఎండిపోతాయి. ప్లగ్గు పీకినా వాటిలో కరెంటు మిగిలే ఉంటుంది. ముందు దాన్ని ఖాళీ చేసి, మీటరుతో చూసుకుని, అప్పుడు వేలు పెట్టాలి. ఈ వరస తప్పి ఉంటే ఇది ఇంకెవరో నా గురించి రాస్తుండేవారు. కొత్తవి వేశాక హోరు పోయింది.

తర్వాత బేస్. తీగ కదలికని కరెంటుగా మార్చే పికప్ బాగానే ఉంది. తిప్పే మీటలు శుభ్రం చేశాను. గురువారం వాళ్లని పిలిచి వాయించి చూపించాను. నాకైతే అద్భుతంగా వినిపించింది. ఒక్కో స్వరం సందు చివరిదాకా వెళ్లి వచ్చింది.

తాత తల అడ్డంగా ఊపాడు. "ఏటిది, గుడిగంటనాగ మోగతంది?"

"మోగడం మంచిదే కదా తాతా?"

"డాన్సులో జంటలు అడుగెయ్యాల. అడుగు పడినాక గంట మోగతా ఉంటే మల్లీ అడుగెక్కడెయ్యాల? నాది డుమ్మని మోగి, ఆగిపోయీది." పిడికిలితో నా బల్ల మీద కొట్టి చూపించాడు. మీటరు కిందపడింది. డుమ్మనే పడింది.

తీగలు పాతవే, మార్చలేదు. ఆంప్ పాతదే. మనిషీ పాతవాడే. ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. స్వాతిని అడిగాను: "ఈమధ్య దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?"

"నేనే దాదా," అంది, ఇక్కడివాళ్లు అన్నయ్యని పిలిచినట్టు. "తాతకి సర్‌ప్రైజ్ ఇద్దామని తుడిచాను. పాలిష్ పెట్టాను. ఆ స్టీలు మూత విప్పి కింద కూడా శుభ్రం చేశాను."

స్టీలు మూత అంటే తీగలు చివర ఆనే వంతెనని కప్పేది. "కింద ఏముంది?"

"నల్లగా, నూనె కంపుతో ఏదో. చచ్చిన ఎలక అనుకుని పేపర్లో చుట్టి పారేశాను."



"ఎలక కాదే తల్లీ," అన్నాడు తాత నెమ్మదిగా. "కిటికీ ఫెల్టు. నానే ఎట్టినాను. ఎట్టినట్టే మర్సిపోనాను."

అప్పట్లో ఈ బేస్‌లకి మూత కింద ఫ్యాక్టరీలోనే స్పాంజి పెట్టేవారు. తీగల్ని వెనకనుంచి మెత్తగా నొక్కి, స్వరాన్ని తొందరగా ఆపుతుంది. దాన్ని మ్యూట్ అంటారు. స్పాంజి ఎప్పుడో పొడైపోతే, తాత రైలు కిటికీ గలగలలాడకుండా పెట్టే దళసరి ఉన్ని గుడ్డ, అంటే ఫెల్టు, ఓ ముక్క కోసి ఇరికించాడు. వర్క్‌షాపు గ్రీజుతో సహా.

స్వాతి కళ్లలో నీళ్లు. "నేనే చంపేశాను దాదా."

"చంపలేదు. స్నానం చేయించావు, అంతే," అన్నాను.

పక్క దుకాణంలో హార్మోనియం ఫెల్టు తెచ్చి పెట్టాం. పలచన, గంట కాస్తా సైకిలు బెల్లయింది. స్వాతి చెప్పు అట్ట పెట్టాం. తాత, "ఇది దగ్గుతంది," అన్నాడు. రైలు ఫెల్టే కావాలి. కొత్త పెట్టెల కిటికీలు అద్దాలతో బిగించేసినవి. వాటికి గలగలా లేదు, ఫెల్టూ లేదు.

అప్పుడు తాత ముఖంలో మొదటిసారి వెలుగొచ్చింది. "మీ అమ్మ వంటింటి అలమరా తలుపు సప్పుడు సేస్తాదేటే?"

"చెయ్యదు తాతా."

"ఎందుకు సెయ్యదు?"

లిలువాలో పాత కుటుంబాల ఇళ్లలో తలుపులు చప్పుడు చెయ్యవట. స్క్రాపులో పారేసిన కిటికీ ఫెల్టుకీ ఇంటి తలుపులకీ ఊరంతా సంబంధం కలిపేసింది.

శనివారం ఇద్దరూ మళ్లీ వచ్చారు. అలమరా నుంచి కోసిన ముక్క, పసుపు మరకతో, పోపు వాసనతో. మూత కింద పెట్టి బిగించాను. స్వాతి వాయించింది. డుమ్. ఆగింది. డుమ్. ఆగింది. చెప్పు విడిచిన తాత కుడి పాదం నా తడి నేల మీద లేచి పడుతోంది, సరిగ్గా తాళానికి. అక్కడే ఫోను తీసి బొంబాయి ఆసామికి చెప్పాడు: "రావద్దు బాబూ. టికెట్టు తీసీసుంటే ఎనక్కిచ్చీ."

వెళ్తూ స్వాతి గొణిగింది. "గంటలా మోగినా నాకు బాగానే ఉండింది దాదా."

తాతకి వినబడింది. "మూతకి రొండు మరలే కదేటి. నాకాడ ఫెల్టు ఎట్టు, నీకాడ తీసీ."

ఈ కేసు నాకు నేర్పింది ఇది: పాత వాద్యం గొంతు మారితే, ముందు ఏం పాడైందని కాదు, ఏం శుభ్రం చేశారని అడగాలి. మురికిలో సగం మురికే. మిగతా సగం ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టింది. ఇప్పుడు విప్పిన ప్రతి పాత వాద్యంలో దొరికిన పీచూ గుడ్డా పారెయ్యకుండా ఒక బిస్కెట్ డబ్బాలో వేస్తాను, యజమాని వచ్చి చూసేదాకా. డబ్బా మీద స్వాతి తెలుగులో, ఒత్తులు తడుముకుంటూ రాసిపెట్టింది: 'చచ్చిన ఎలకలు'.

వాళ్లింట్లో అలమరా తలుపు ఇప్పుడు గలగలలాడుతోందట. వాళ్లమ్మ నన్ను తిడుతోందని కబురొచ్చింది. అది నేను బాగుచెయ్యగలిగింది కాదు.