ఒబ్దూలియా ఒంటరి మొక్కు

దారి పక్కన సిలువ కనబడితే హారన్ కొట్టకుండా ముందుకు పోవడం ఒబ్దూలియా ఇంట్లో లేదు. ఆవిడ భర్త నికనోర్, సముద్రతీరం రోడ్డు మీద కోపాలా ఊరి నుంచి పినోతేపా దాకా ఇరవై ఏడేళ్లు షేర్ వ్యాన్ నడిపాడు. ప్రమాదాల్లో పోయినవాళ్ల పేరున నాటిన సిలువలు, కొబ్బరాకు పందిరి కింద మరియమ్మ గూళ్లు, ఒకటని కాదు. రెండుసార్లు హారన్ కొట్టి, నుదుటి మీద సిలువ గుర్తు వేసుకునేవాడు. అది చేయకుండా వెళ్లిపోవడమంటే ఎదురింటావిడని చూసి మొహం తిప్పుకున్నట్టే.

నికనోర్ పోయాక ఆ వ్యాన్ ఆవిడకి మిగిలింది. ఆ తర్వాత రెండు కళ్లకీ పొర కమ్మింది. ఆపరేషన్‌కి ముందు ఆవిడ ఒంటరి మరియమ్మకి మొక్కుకుంది. కొడుకుని సమాధిలో ఉంచి వచ్చిన సాయంత్రం నల్లబట్టలు కట్టుకుని ఒక్కతే నిలబడ్డ తల్లి ఆమె. ఆమె గుడి కొయుల్ అనే జాలరి పల్లెలో ఉంది.

"అమ్మా, చూపు ఇచ్చావంటే నీ పండగకి సముద్రం వెంబడి నేనే బండి నడుపుకుంటూ వస్తాను. ఒక్కదాన్నే వస్తాను. నువ్వున్నట్టే ఉండి నీ దగ్గరికొస్తాను."

చూపు వచ్చింది. కట్టు విప్పగానే ఆవిడకి మొదట కనబడింది, కిందికి వంగి తన చెప్పు పట్టీ సరిచేస్తున్న నర్సమ్మ పాపిడి. అది చూసి కళ్లనీళ్లు పెట్టుకోబోతే, కళ్లు తడపకూడదని నర్సమ్మ కోప్పడింది.

ఒబ్దూలియా వ్యాన్‌లో సీట్లు చాలావరకు పీకించి, మంచం వేయించింది, గ్యాసు పొయ్యి పెట్టించింది, పువ్వుల గుడ్డతో తెరలు కుట్టింది. ఇచ్చిన మాట ఇచ్చినట్టే జరగాలని ఫాదర్‌గారు కూడా చెప్పారు. డిసెంబరులో బయల్దేరిన ఉదయం, పక్కింటి సెనైదా అరటాకుల్లో చుట్టి ఉడికించిన మొక్కజొన్న పిండి తమాలెల మూట కిటికీలోంచి అందించింది.

"ఒక్కదానివే వెళ్తున్నావా కొమాద్రే?" అంది వరస కలిపి.

"ఒక్కదాన్నే."

"మంచిదే. మరి తోడెవరొస్తున్నారు?"

ఊరు దాటిన రెండో మలుపులో మొదటి సిలువ కనబడింది. ఒబ్దూలియా భక్తిగా రెండుసార్లు హారన్ కొట్టింది. సిలువ వెనక నీడలోంచి ఒక మనిషి లేచి, చెయ్యెత్తి, పరుగెత్తుకొచ్చాడు. అతని భుజానికి తూబా ఉంది, దూడంత ఇత్తడి బాకా. ఆ తీరంలో తెల్లబండి మీద ఆకుపచ్చ గీత ఉందంటే షేర్ వ్యాన్ అనే లెక్క. అది హారన్ కొడితే రమ్మని పిలిచినట్టే. గీత చెరిపించాలన్న సంగతి ఆవిడకి తట్టలేదు. ఇరవై ఏడేళ్లు భర్త పక్కన కూర్చున్న మనిషి కదా, కాలు దానంతటదే బ్రేకు తొక్కింది.

"ఇది షేర్ వ్యాన్ కాదు నాయనా. ఇది నా ఇల్లు."

"ఇల్లయితే ఇంకా మంచిది పిన్నీ. చెప్పులు విప్పి ఎక్కుతాను."

అన్నట్టే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కాడు క్రిసోఫొరో. తూబాని మంచం మీద పడుకోబెట్టాడు.

రెండో సిలువ దగ్గర టర్కీ కోడితో ఒక ముసలమ్మ ఎక్కింది. మూడో సిలువ రాగానే ఒబ్దూలియా పళ్లు బిగబట్టి హారన్ మీంచి చెయ్యి తీసేసింది. బండి ముందుకెళ్లింది గానీ గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. అర కిలోమీటరు వెళ్లాక ఆగి, అంత దూరమూ వెనక్కి వచ్చి, అపరాధం కింద నాలుగుసార్లు కొట్టింది. నాలుగుసార్లు విని నలుగురు వచ్చారు.

మధ్యాహ్నానికి పదకొండుమంది అయ్యారు, ఒక్కరు తప్ప అందరూ కొయుల్ పండగకే. ఆవిడ బండి ఒక పక్కకి ఆపి, మొక్కు సంగతి చెప్పి ఏడ్చింది. అందరూ దైవభక్తి ఉన్నవాళ్లే. టోపీలు తీసేసి తలలు వంచుకున్నారు.

"అయ్యో, ఈ ఎండలో దిగిపోతే మళ్లీ మనల్ని దింపేసిన పాపం పిన్నికి," అన్నాడు క్రిసోఫొరో ఆలోచించి. "మనమే లేమనుకుంటే సరి. ఎవరూ నోరెత్తొద్దు. పిన్నీ, నేను లేను. నన్నేమీ అడక్కండి."

"నేనూ లేనమ్మా," అంది ముసలమ్మ. "కోడి సంగతి నేను చెప్పలేను. దానికి నా మాటంటే లెక్కలేదు."

తెర లాగేశారు. గంటసేపు వెనక ఊపిరి కూడా వినిపించలేదు. అప్పుడు సన్నగా ఒక ముక్కు ఎగబీల్పు వినబడింది.

"ఎవరది?" అంది ఒబ్దూలియా.

చివరికి ముసలమ్మే గుసగుసగా చెప్పింది. "ఆ మీసాలాయనమ్మా. ఆయన ఊరు వెనకాలే పోయింది. లేనని మాటిచ్చేసి, ఆపమని ఎలా అడుగుతాడు పాపం?"

ఒబ్దూలియా నాలుగు కిలోమీటర్లు వెనక్కి నడిపి ఆయన్ని గుమ్మం ముందు దింపింది. ఆయన కృతజ్ఞత చెప్పబోయి, తను లేడని గుర్తొచ్చి, చెయ్యి మాత్రం ఊపాడు.

ఆ రాత్రికి ఆవిడ బండిని మనుషులు లేని ఇసుక తీరంలో ఆపింది. వెనకవాళ్లు చప్పుడు లేకుండా దిగి చీకట్లోకి వెళ్లిపోయారు. ఇక్కడైనా అమ్మలా ఒంటరిగా ఉంటాననుకుంది. పొద్దున్నే తలుపు తీసి చూస్తే, బండి చుట్టూ కొబ్బరిచెట్లకి పది ఉయ్యాలలు కట్టి ఉన్నాయి. ఆడమనిషి ఒక్కతే పడుకుంటే భయపడుతుందని అందరూ కాపలా పడుకున్నారట. ఎవరో అప్పటికే కాఫీ కాచి, ఆవిడ కప్పు మీద దుమ్ము పడకుండా సాసరు బోర్లించారు. తిట్టడానికి నోరు తెరిచిన ఒబ్దూలియా కాఫీ తాగింది.

పండగ రోజు సాయంత్రం, కొయుల్ ఇంకో కిలోమీటరు ఉందనగా, బండి ఆపి వెనక్కి తిరిగింది.

"ఇక్కడ దిగండయ్యా. ఈ కొంచెమైనా నన్ను ఒక్కదాన్ని వెళ్లనివ్వండి. మాట తప్పి ఆ తల్లి మొహం చూడలేను."

దిగారు. టర్కీ కూడా దిగింది. ఒబ్దూలియా ఒక్కతే గుడి ముందు ఆగి, మోకాళ్ల మీద లోపలికి వెళ్లింది. కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. పీఠం మీద ఎవరూ లేరు.

ఊడుస్తున్న గుడి పెద్ద చీపురు ఆపి చూశాడు.

"అమ్మ కోసమా? ఆవిడ ఇక్కడుండదే."

"ఇది ఒంటరి మరియమ్మ గుడి కాదా?"

"ఆవిడదే. మా అమ్మమ్మల కాలం నుంచీ ఒక్క రాత్రి కూడా ఇక్కడ పడుకోలేదు. అంత దుఃఖంలో ఉన్న మనిషిని ఒంటరిగా ఎలా వదిలేస్తాం? రోజుకో ఇంట్లో ఉంటుంది. అందరితో పాటే తింటుంది, పిల్లల గోల వింటుంది. ఈ రోజు ఉప్పుటేరు దగ్గర ఇంటివాళ్ల వంతు. తీసుకెళ్లే తోపుడు బండి చక్రం విరిగి, అమ్మ ఎదురింట్లోనే ఆగిపోయింది." గుమ్మంలోంచి బయటికి చూశాడు. "ఆ షేర్ వ్యాన్ మీదేనా దొన్యా?" అన్నాడు మర్యాదగా.

ఒబ్దూలియా ఈసారి కాదనలేదు.

నలుగురు కలిసి అమ్మ విగ్రహాన్ని ఎదురింట్లోంచి తెచ్చి ముందు సీట్లో కూర్చోబెట్టి బెల్టు కట్టారు. అప్పటికి పదిమందీ నడుచుకుంటూ వచ్చేశారు. ఎక్కమంటే ఒక్కరూ ఎక్కలేదు. అమ్మ వెనక నడవాలి గానీ అమ్మతో సమానంగా కూర్చుంటామా అన్నారు. క్రిసోఫొరో తూబా ఎత్తాడు. ఊరంతా వెనక చేరింది.

బండి నత్తలా కదిలింది. అద్దాలు ఎత్తేశాక బయటి పాట సన్నగా వినిపించింది. లోపల ఒబ్దూలియా, పక్కన నల్లబట్టల్లో ఆ తల్లి, ఇంకెవరూ లేరు. చూపు ఇచ్చినందుకు ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. "ఎండకి అలిసిపోయావా అమ్మా?" అని మాత్రం అడిగింది. అలా అర కిలోమీటరు వెళ్లారు. తీరమంతా ఒంటరిగా రావాలనుకుంటే దొరికింది అంతే. ఆవిడకి అది తక్కువ అనిపించలేదు.

ఉప్పుటేరు మలుపులో సిలువ ఉంది. అమ్మ బండిలోనే ఉండగా హారన్ ఎందుకని ఆవిడ అనుకునేలోపే చెయ్యి రెండుసార్లు కొట్టేసింది. సిలువ వెనక నీడలోంచి ఐసు పెట్టెతో ఒక ముసలాయన లేచి చెయ్యెత్తాడు.

ఒబ్దూలియా అమ్మ వైపు చూస్తూ బ్రేకు తొక్కింది. ఆ కుదుపుకి అమ్మ బెల్టులో ఇటువైపు కాస్త ఒరిగింది, ఒక మనిషికి చోటు ఇచ్చినట్టుగా.

"ఎక్కండి బాబాయ్," అంది ఒబ్దూలియా తలుపు తీస్తూ. "చెప్పులు విప్పి ఎక్కండి."