పాలు ఒలకనివ్వని ఇల్లు

1983. ఫిజియోథెరపిస్టుగా పాతబస్తీలోని ఒక ఆసుపత్రిలో చేరి ఏడాది కూడా కాలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది. అప్పుడే గౌలిపుర నుంచి మల్లయ్య వచ్చాడు. బర్రెల్ని పెట్టుకొని వాకిట్లోనే పాలు అమ్మే మనిషి. మెదడు వెనక, కింది భాగంలో ఉండే సెరిబెల్లంలో స్ట్రోక్ వచ్చింది. చేతిలో బలం ఉంది, గురి లేదు. గ్లాసు కోసం చాస్తే చెయ్యి దాన్ని దాటి పోయేది, వణికేది. దీన్ని అటాక్సియా అంటాం.

"చెయ్యి రాకుంటే బర్రెలను అమ్ముతడట నా కొడుకు" అన్నాడు మొదటి రోజే.

నీళ్లు పోయడం సాధన చేయించేవాణ్ని. నా దగ్గర కొంచెం కుదురుకునేది, మళ్లీ వచ్చేసరికి మొదటికే. చిర్రెత్తి ఒక పొద్దున వాళ్లింటికే వెళ్లాను.

వాకిట్లో గిరాకీలు గిన్నెలతో నిలబడి ఉన్నారు. మల్లయ్య కొలగిన్నె ముంచగానే కోడలు అనసూయ ఆయన మణికట్టు పట్టుకుంది. పోసింది ఆమే.

"చెయ్యి ఇడువు అక్కా" అన్నాను గట్టిగా.

"ఒలుకుతయి సార్. పాలు నేలల పడితే ఇంటికి మంచిగ కాదు."

"నువ్వు గిట్ల పట్టుకుంటే ఆయనకెప్పుడొస్తది?"

మల్లయ్య నవ్వాడు. "బువ్వ గూడ వీళ్లే తినబెడుతున్రు బిడ్డా. దేవునికి పెట్టినట్టు పెడుతున్రు, గుడి ఒక్కటే తక్కువ."

నా గొంతు తగ్గింది. వాళ్లది ప్రేమే. కానీ సెరిబెల్లం నేర్చుకునేది తప్పుల నుంచి. చెయ్యి పోవాల్సిన చోటికీ, పోయిన చోటికీ ఉన్న తేడా తెలిస్తేనే తరువాతిసారి సర్దుకుంటుంది. ఆ తేడానే ఇంట్లో ఎవరూ కనబడనివ్వడం లేదు. అదే వాళ్లకు చెప్పాను.

మల్లయ్య భార్య ఎల్లమ్మ లోపలికి పోయి వెడల్పాటి తాంబాళం తెచ్చి గిరాకీ గిన్నె కింద పెట్టింది. "ఇంక నేలల పడయి. దీంట్ల పడ్డయి దూడ తాగుతది. ఇడువు అనసూయా."

అనసూయ చెయ్యి వదిలింది. మల్లయ్య ఒక్కడే పోస్తే సగం పాలు తాంబాళంలోనే పడ్డాయి. గిన్నె పట్టుకున్న ముసలి గిరాకీ కదల్లేదు. "పొయ్ మల్లన్నా, నాకేం జల్దీ లేదు."

ఆ దూడ కొన్ని నెలలు మస్తుగా తాగింది. తరువాత దానికి మిగిలేది తక్కువైంది. చేతి వణుకు పూర్తిగా పోలేదు, కానీ బర్రెలు వాకిట్లోనే ఉన్నాయి.

అప్పటి నుంచి ఏ పేషెంటుకైనా కసరత్తు చెప్పేముందు ఒకటి అడుగుతాను: ఇంట్లో మీ చెయ్యి ఎవరు పట్టుకుంటారు?