దివంగతులంటే ఎవరు?

దర్జీ ఆవిడకు మొదట్లో ఫోనంటే భయమేమీ లేదు. కొలతలు, బేరాలు అన్నీ అందులోనే నడిచేవి. భర్త కిడ్నీలు పాడై, రోజు విడిచి రోజు డయాలసిస్ చేయించాల్సి వచ్చాక, ఆయన ఉచిత వైద్యం కార్డు కూడా అందులోకే చేరింది. దాన్ని ఏటా ప్రభుత్వ యాప్‌లో పునరుద్ధరించుకోవాలి.

ఆ మధ్యాహ్నం కుట్టుమిషను ఆపి ఆ పనికి కూర్చుంది. తెర మీద ఎర్రటి అంకెలు గడువు అయిపోతోందని తరుముతున్నాయి. ‘లబ్ధిదారు స్థితి’ అన్నచోట ‘దివంగతులు’ అని ముందే టిక్కు పడి ఉంది. పెద్దమనిషిని గౌరవించి రాశారు కాబోలనుకుని ఆకుపచ్చ బటన్ నొక్కేసింది.

సాయంత్రం ఆడపడుచు చూసి నోరు వెళ్ళబెట్టింది.

“ఎంత పని చేశావు వదినా! దివంగతులంటే పోయినవాళ్ళు!”

లోపలి గదిలో ఆయన దగ్గాడు. ఆ దగ్గు విన్నాకే ఆమెకు ఊపిరి తిరిగింది.

“మార్చెయ్యవే తల్లీ, నీకు పుణ్యముంటుంది.”

ఆడపడుచు ఎన్నిసార్లు ప్రయత్నించినా ఒకటే జవాబు: దివంగతుల వివరాలు సవరించుటకు వీలుపడదు.

“మీ అన్నయ్యకు మాత్రం చెప్పకు” అంది ఆమె. తెల్లారితే ఆసుపత్రి. ఒక్క విడత తప్పితే ఆయన ఒళ్ళంతా నీరు పట్టి ఊపిరాడదు.

పొద్దున్నే ఆయన్ని ఆడపడుచుతో ఆసుపత్రికి పంపి, తాను కార్డులిచ్చే ఆఫీసుకు పరుగెత్తింది. గుమాస్తా తలెత్తలేదు.

“అంతా ఆన్‌లైనేనమ్మా. ఇంట్లోనే చేసుకోవచ్చు.”

“ఇంట్లోనే చేశాను బాబూ. అందుకే మా ఆయన చచ్చిపోయాడు.”

అతను తలెత్తాడు. అంతలో ఆమె ఫోను మోగింది.

“వదినా, కార్డు చెల్లదంటున్నారు. అన్నయ్యకు ఆయాసం మొదలైంది.”

ఆమె ఆ ఫోను అతని చెవి దగ్గర పెట్టింది. గుమాస్తా తన కంప్యూటర్లో మార్చబోయాడు. అతనికీ అదే జవాబు. లేచి పై అధికారిణి గదిలోకి దూసుకెళ్ళాడు. ఆవిడ ఆసుపత్రికి ఫోన్ చేసి, “మనిషి మీ ఎదురుగానే ఉన్నాడు కదండీ! నా పూచీ, మొదలుపెట్టండి” అని గద్దించింది. ఆయన బతికాడు.

ఇలా ఇంకొందరికీ జరిగిందట. యాప్‌లో ఇప్పుడు ‘బతికే ఉన్నారు’, ‘చనిపోయారు’ అని మామూలు మాటల్లోనే ఉంది. నొక్కాక నిజమేనా అని మళ్ళీ అడుగుతుంది. వీధిలో అందరూ వాడుతున్నారు. ఆమె మాత్రం ఏటా కొట్టు మూసి, ఆయన్ని వెంటబెట్టుకుని ఆఫీసుకే వెళుతుంది.

“ఫోన్‌లో అయిపోయే పనికి ఎందుకే ఈ తిప్పలు?” అని విసుక్కుంటాడాయన.

“మీరు ఊరుకోండి. వాళ్ళు మిమ్మల్ని కళ్ళతో చూడాలి” అంటుంది. రసీదు చేతికొచ్చేదాకా ఆయన చెయ్యి వదలదు.